ఒక మెతుకు చాలునా? - సూక్ష్మప్రవాహ శాస్త్రముపై ఒక విమర్శ

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడదు. ఒక మెతుకును వ్రేళ్ళ నడుమ నొక్కి చూచిన చాలును. కాని బియ్యములో రాళ్ళున్నవో లేవో తెలియవలెనన్న ఒక్క గింజను చూచి ఎవరును నిర్ణయింపరు. చేటలో పోసి, చెరిగి, ఏరవలసినదే. మొదటి ప్రశ్నకు ఒక మెతుకు సమాధానము చెప్పును. రెండవ ప్రశ్నకు ఒక గింజ సమాధానము చెప్పజాలదు. ఈ చిన్న భేదమును మనస్సునందుంచుకొన్నచో, గత మూడు నాలుగు దశాబ్దములుగ పేరుగాంచుచున్న ఒక నూతన విద్య యొక్క గుణదోషములు సులభముగ బోధపడును.

ఆ విద్య పేరు మైక్రోఫ్లూయిడిక్స్. తెలుగున దీనిని సూక్ష్మప్రవాహ శాస్త్రమనవచ్చును. తలవెండ్రుక మందముగల కాలువలను గాజుపలకలోనో, ప్లాస్టిక్ బిళ్ళలోనో తీర్చి, వానిలో అత్యల్ప పరిమాణముగల ద్రవములను నడపి, కలిపి, వేరుచేసి, పరీక్షించుట దీని పని. గదినిండ యంత్రములుగల రోగపరీక్షాశాలను తపాలాబిళ్ళయంత పలకపైకి తెచ్చుట దీని ఆశయము. అందుచేతనే ఆ పలకకు 'చిప్‌పై ప్రయోగశాల' యను పేరు వచ్చినది.

ఈ శాస్త్రమును గూర్చి వెలువడిన వ్యాసములలో మిక్కిలిగ ఉదాహరింపబడిన వానిలో నొకటి 2006 జులై 27 నాటి 'నేచర్' పత్రికయందు కలదు. మైక్రోఫ్లూయిడిక్స్ యొక్క పుట్టుక, భవిష్యత్తు అని దాని శీర్షికకు అర్థము. రచయిత అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యత్వము వహించిన జార్జి వైట్‌సైడ్స్. ఈ విద్యను ఒడ్డున నిలిచి చూచినవాడు కాడాయన. సిలికోను రబ్బరుతో సూక్ష్మమైన కాలువలను త్వరగ, చౌకగ పోతపోయు పద్ధతిని 1998లో ప్రకటించిన బృందము ఆయనదే. ఆ పద్ధతి వచ్చిన పిదపనే సామాన్య ప్రయోగశాలలకు ఈ విద్య అందుబాటులోనికి వచ్చినది. ఇట్టి అధికారముగలవాడు వ్రాసిన వ్యాసము గనుకనే దానిని గౌరవముతోను, నిశితముగను పరిశీలించుట అవసరము. వ్యాసము వెలువడి దాదాపు రెండు దశాబ్దములైనది. ఆనాటి ఆశలలో ఏవి ఫలించినవో, ఏవి ఫలింపలేదో, ఎందుచేతనో నేడు చెప్పుటకు వీలున్నది.

వ్యాస సారాంశము

వైట్‌సైడ్స్ మొదట ఈ శాస్త్రమునకు ఎల్లలు నిర్ణయించెను. లీటరులో నూరుకోట్లవ వంతు మొదలుకొని, ఆ నూరుకోట్లవ వంతులో మరల నూరుకోట్లవ వంతు వరకుగల ద్రవభాగములను, పదుల, వందల మైక్రానుల వెడల్పుగల కాలువలలో నడపుట ఈ శాస్త్రవిషయమని ఆయన నిర్వచనము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ప్రతి ప్రక్క 100 మైక్రానులుగల ఘనములో పట్టు నీరు ఒక నానోలీటరు, అనగా సరిగ లీటరులో నూరుకోట్లవ వంతు.

పిమ్మట ఆయన ఈ శాస్త్రమునకు నలుగురు తల్లిదండ్రులను చూపెను. అణువులను వేరుచేసి గుర్తించు రసాయన విశ్లేషణము మొదటిది. రసాయనిక, జీవాయుధముల భయముచేత 1990 తరువాత అమెరికా రక్షణశాఖ ఇచ్చిన ప్రోత్సాహము రెండవది. జన్యుపదార్థమును వేగముగ చదువవలసిన అవసరమును తెచ్చిన అణుజీవశాస్త్రము మూడవది. సిలికాను పలకలపై సూక్ష్మమైన రేఖలను చెక్కుట నేర్పిన ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ నాలుగవది. ఈ నాలుగు పాయలును కలిసిన చోట ఈ శాస్త్రము జన్మించినదని వ్యాసము చెప్పుచున్నది. ఇది చరిత్రకు విరుద్ధము కాదు. 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున టెర్రీ, జెర్మన్, ఏంజెల్ అనువారు సిలికాను పలకపై వాయువులను వేరుచేయు పరికరమును నిర్మించిరి. 1990లో స్విట్జర్లండున మాన్జ్, గ్రేబర్, విడ్మర్ అనువారు సంపూర్ణ రసాయన విశ్లేషణమును ఒక చిన్న పలకపై జరుపవచ్చునను భావమును ప్రతిపాదించిరి.

తరువాత వ్యాసము ఒక ప్రశ్నను సూటిగ వేసినది. ఇన్ని లాభములు, ఇంత తక్కువ నష్టములు గల విద్య ఇంకను ఎందుకు వ్యాపింపలేదు? ప్రతి ప్రయోగశాలయందును ఈ పలకలు ఎందుకు కనుపించుటలేదు? ప్రతి రోగియు తన యింటనే తన పరీక్షను ఎందుకు చేసికొనజాలకున్నాడు? సమాధానములు ఇంకను స్పష్టము కాలేదని ఆయన ఒప్పుకొనెను. విద్య కౌమారదశ తొలిమెట్టుపై నున్నదనియు, ఏ సమస్యను మొదట పట్టుకొనవలెనో నిర్ణయించుకొనుట, నిపుణులు కానివారు కూడ వాడదగిన పరికరములను రూపొందించుట మిగిలియున్నదనియు చెప్పెను. సొంత విద్యను గూర్చి ఇట్లు నిర్మొగమాటముగ వ్రాయుట అరుదు. వ్యాసమున మొట్టమొదట మెచ్చుకొనదగిన గుణమిదియే.

సూక్ష్మలోకమున నీటి నడత

వ్యాసము యొక్క రెండవ గుణము భౌతికశాస్త్రమును ముందుంచుట. ఏరులోని నీరు సుడులు తిరుగుచు పారును. వెండ్రుకయంత కాలువలో నీరు సుడులు తిరుగదు. పొరలు పొరలుగ, చాపలోని గడ్డిపోచలవలె ఒకదాని ప్రక్కనొకటి సాగిపోవును. ఈ భేదమును 1883లో మాంచెస్టరు నగరమున ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టములో రంగునీటి తీగను నడపి ప్రదర్శించెను. ద్రవసాంద్రతను వేగముచేతను, గొట్టపు వెడల్పుచేతను గుణించి, స్నిగ్ధతచే భాగించిన వచ్చు సంఖ్యకు ఆయన పేరే పెట్టిరి. గొట్టములలో ఈ సంఖ్య సుమారు 2,000 దాటిన పిదప ప్రవాహము చెదరనారంభించును. 100 మైక్రానుల కాలువలో సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున పారు నీటికి రేనాల్డ్స్ సంఖ్య 0.1 మాత్రమే. కనుక అచట సుడులకు తావులేదు. జడత్వము ఓడి, స్నిగ్ధత గెలుచు లోకమది.

సుడులు లేనిచో రెండు ద్రవములు కలియుటెట్లు? అణువులు తమంత తాము చెదరి వ్యాపించు విసరణము ఒక్కటే మార్గము. విసరణమునకు పట్టు కాలము దూరముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. చక్కెరవంటి చిన్న అణువు నీటిలో ఒక సెంటీమీటరు దూరము వ్యాపించుటకు రమారమి పదునాలుగు గంటలు పట్టును. అదే 100 మైక్రానుల దూరమైనచో అయిదు సెకనులు చాలును. పది మైక్రానులైనచో సెకనులో ఇరువదవ వంతు. దూరము నూరవ వంతైన కాలము పదివేలవ వంతగును. సూక్ష్మప్రవాహ పరికరములలో పరీక్షలు త్వరగ ముగియుటకు ముఖ్యకారణమిది. పెద్ద ప్రొటీను అణువులు ఇంతకన్న మెల్లగ కదలును గనుక, వాని కొరకు కాలువ అడుగున ఏటవాలు గాళ్ళు తీర్చి ద్రవమును మెలిపెట్టు ఉపాయమును వైట్‌సైడ్స్ సహచరులు 2002లో కనుగొనిరి.

ఈ లోకమున తలతన్యత కూడ బలవత్తరము. ప్రమిదలోని నూనె వత్తి చివరకు ఎగబ్రాకుట, అద్దుడు కాగితము సిరాను పీల్చుకొనుట ఎల్లరకు తెలిసినదే. కాలువ సన్నగిలినకొలది ఈ కేశనాళికాకర్షణము హెచ్చును. ఈ సంగతి ముందు చెప్పబోవు విమర్శకు ఆధారము.

వంశావళిలో లేని పేరు

వ్యాసము పేర్కొన్న నలుగురు తల్లిదండ్రులును పెద్దింటివారు: ప్రయోగశాల, రక్షణశాఖ, జన్యుశాస్త్రము, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ. ఆ పట్టికలో ఒక పేదబంధువు పేరు లేదు. అది కాగితపు పట్టీ. మూత్రములో చక్కెరను చూపు రంగుపట్టీ 1956లోనే అంగడికి వచ్చినది. ఒక్కసారి తడిపిన చాలునను గర్భనిర్ధారణ పట్టీ 1988లో ఇంగ్లండున అమ్మకమునకు వచ్చినది. రెండవదానిలో జరుగునది సంపూర్ణముగ సూక్ష్మప్రవాహమే. మూత్రము సూక్ష్మరంధ్రములుగల పొరలో తనంత తాను ప్రాకి, దారిలో ఎండించి యుంచిన ప్రతిదేహములను వెంటబెట్టుకొని, నిర్ణీతస్థలమున గీతగ కనుపడును. పంపు లేదు, విద్యుత్తు లేదు, నిపుణుడు లేడు. ప్రతి రోగియు తన యింట పరీక్ష ఎందుకు చేసికొనజాలకున్నాడని వ్యాసము అడిగిన నాటికే, చదువురాని స్త్రీకి సైతము ఒక గీత, రెండు గీతలు అను భాషలో సమాధానము చెప్పు పరికరము వాడుకలోనున్నది.

ఈ లోపము కేవలము మర్యాదకు సంబంధించినది కాదు. ఏ విద్యయైనను తన పూర్వులెవరని తలచునో వారి మార్గమునే అనుసరించును. ఎలక్ట్రానిక్స్ పరిశ్రమను తండ్రిగ నెంచినవారు వేలకొలది కవాటములుగల పలకలను నిర్మించుటకు పూనుకొనిరి. స్టీఫెన్ క్వేక్ బృందము 2000లో రబ్బరు కవాటములను, 2002లో వేలాది కవాటములు గల పలకలను నిర్మించుట గొప్ప సాధనయే. కాని గ్రామవైద్యశాలకు కావలసినది వేయి కవాటములు కాదు. 2006 వ్యాసమున పదార్థముల చర్చ సిలికాను, గాజు, సిలికోను రబ్బరు, ప్లాస్టిక్కుల చుట్టు తిరిగినది.

ఈ విమర్శను మొట్టమొదట ఆచరణలో ఒప్పుకొన్నవాడు వైట్‌సైడ్సే. మరుసటి సంవత్సరము, 2007లో, ఆయన బృందము వడపోత కాగితముపై నీరంటని గీతలు గీచి, ఆ గీతల నడుమ మూత్రమును నడపి, ఒకే కాగితముపై చక్కెరను, ప్రొటీనును పరీక్షించు పద్ధతిని ప్రకటించెను. 2012లో అదే మార్గమున వ్రేలికొన రక్తముతో కాలేయపు ఎంజైములను కొలుచు కాగితపు పరికరమును గూర్చిన ఫలితములు వెలువడినవి. తాను వ్రాసిన వ్యాసమునకు తానే ఉత్తమమైన సవరణ చేసిన శాస్త్రజ్ఞుడని ఆయనను మెచ్చుకొనవలెను. అయినను కాగితమును కూడ సర్వసమర్థముగ నెంచరాదు. రంగు ముదురా లేతా యని కంటితో నిర్ణయించునపుడు చూచువారిని బట్టియు, వెలుతురును బట్టియు ఫలితము మారును.

మెతుకు, రాయి

వ్యాసములోని అన్నిటికన్న పెద్ద లోపము, ఈ విద్యకు నష్టములు బహు స్వల్పమను మాటలో నున్నది. ద్రవము తగ్గినకొలది లాభమే యను భావము అంతట వ్యాపించుటకు ఇట్టి మాటలు దోహదము చేసినవి. నిజమునకు ద్రవమును తగ్గించుటకు ఒక హద్దు కలదు. ఆ హద్దును నిర్ణయించునది ఇంజనీరు నేర్పు కాదు, గణితము.

ఉదాహరణముగ రక్తములోని చక్కెరను చూతురు గాక. ఒక మిల్లీలీటరు రక్తమున రమారమి ఒక మిల్లీగ్రాము గ్లూకోజు ఉండును. ఒక నానోలీటరు రక్తమున కూడ దాదాపు మూడు లక్షల కోట్ల గ్లూకోజు అణువులుండును. ఆ నానోలీటరును కుడిచేతినుండి తీసినను, ఎడమచేతినుండి తీసినను ఫలితములో గణనీయమైన భేదము రాదు. ఇది ఉడికిన మెతుకు. మధుమేహరోగులు వ్రేలికొన రక్తముతో ఇంటనే పరీక్షించుకొనగలుగుచున్నది ఇందువలననే.

ఇక ఒక మిల్లీలీటరు రక్తమున వేయి వైరసులున్న రోగిని తీసికొందురు గాక. అతని రక్తములో ఒక మైక్రోలీటరు, అనగా ఒక ఘన మిల్లీమీటరు, తీసినచో అందు సగటున ఒక్క వైరసు ఉండును. సగటున ఒకటి యనగా ప్రతిసారి ఒకటి యని కాదు. సంభావ్యతా గణితము ప్రకారము నూటికి ముప్పదియేడు సార్లు ఆ చుక్కలో ఒక్క వైరసైనను ఉండదు. ఎంత సూక్ష్మగ్రాహియగు యంత్రమైనను లేనిదానిని చూపజాలదు. ఒక నానోలీటరు మాత్రమే తీసినచో, వేయిమారులు పరీక్షించిన తొమ్మిదివందల తొంబదితొమ్మిది మారులు 'లేదు' అనియే ఫలితము వచ్చును. రోగి మాత్రము రోగియే. రక్తమున బాక్టీరియా చేరిన రోగులలో అవి తరచు మిల్లీలీటరునకు పదికన్న తక్కువగ నుండును. కనుకనే అట్టి పరీక్షకు వైద్యులు చుక్కలు గాక మిల్లీలీటర్లకొలది రక్తమును తీయుదురు. ఇది బియ్యములోని రాయి. దీనికి చేట కావలెను.

ఈ లెక్క హైస్కూలు విద్యార్థి చేయదగినది. కాని దీనిని విస్మరించుటచే జరిగిన నష్టము చిన్నది కాదు. 2003లో అమెరికాలో స్థాపింపబడిన థెరనోస్ అను కంపెనీ వ్రేలికొననుండి తీసిన కొద్ది చుక్కలతో బహువిధములైన రక్తపరీక్షలు చేయుదుమని ప్రకటించినది. మొదట అది సూక్ష్మప్రవాహ పరికరమునే నిర్మింపబూనినది. అది కుదరక, మరచేతితో ద్రవములను పోయు యంత్రమునకు మారినది. 2015 అక్టోబరున 'వాల్ స్ట్రీట్ జర్నల్' పత్రిక అసలు సంగతిని బయటపెట్టినది. పరీక్షలలో అధికభాగము ఇతర కంపెనీల మామూలు యంత్రములపైననే జరుగుచుండెను. చాలని రక్తమును పలుచన చేసి ఆ యంత్రములలో పోయుచుండిరి. 2016లో ఆ కంపెనీ తన యంత్రముపై రెండు సంవత్సరములలో ఇచ్చిన ఫలితములను తానే రద్దు చేసికొనవలసివచ్చినది. 2018లో అది మూతపడినది. 2022 జనవరిలో దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ మదుపుదారులను మోసగించిన నేరములకు దోషియని జ్యూరీ నిర్ణయించినది.

వైట్‌సైడ్స్ వ్యాసమునకు ఆ మోసముతో ఏ సంబంధమును లేదు. వ్యాసము పరిశోధకులకొరకు వ్రాయబడినది. మోసము ధనవంతుల ఎదుట జరిగినది. అయినను ఒక చుక్క చాలునను మాటను విన్నవారిలో పెక్కుమంది 'దేనికి చాలును?' అని అడుగక పోవుటకు కారణమేమి? ఒక విద్య పెద్దలు దాని శక్తిని చెప్పినంత స్పష్టముగ దాని హద్దులను చెప్పకపోవుటయే కారణములలో నొకటి. హద్దు చెప్పుట వలన విద్యకు పరువు తగ్గదు. హద్దు తెలియని విద్యయే మోసగానికి పెట్టుబడి యగును.

చిప్ వెలుపలి సామగ్రి

ఈ రంగమువారిలోనే ఒక పరిహాసవాక్యము వాడుకలో నున్నది. తాము కోరినది చిప్‌పై ప్రయోగశాల. తమకు దక్కినది ప్రయోగశాలలో చిప్. పలక తపాలాబిళ్ళయంతయే. దానికి ద్రవమును పంపు పంపులు, వాయుపీడనపు గొట్టములు, సూక్ష్మదర్శిని, కంప్యూటరు బల్లనిండ నుండును. దీనికిని భౌతికకారణము కలదు. గుండ్రని గొట్టములో ప్రవాహము వ్యాసార్థముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించునని 19వ శతాబ్దమున ఫ్రాన్సులో ప్వాజేయి కనుగొనెను. వ్యాసార్థము సగమైనచో అదే ప్రవాహమునకు పదునారు రెట్ల పీడనము కావలెను. పలక చిన్నదైనకొలది దానిని నడపు యంత్రము బలమైనది కావలసివచ్చును. నిపుణులు కానివారు వాడదగిన పరికరము కావలెనని వ్యాసము సరిగనే చెప్పినది. కాని ఈ చిక్కు ఎంత మొండిదో అందు తగినంతగ ధ్వనింపలేదు.

సిలికోను రబ్బరునకును పరిమితులున్నవి. అది గాలిని చొరనిచ్చును గనుక కణములను పెంచుటకు అనుకూలము. కాని సేంద్రియ ద్రావణులలో ఉబ్బును. నీటియందు కరుగ నిష్టపడని చిన్న అణువులను పీల్చుకొనును. మందులలో పెక్కు అట్టి అణువులే. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఊపిరితిత్తి నడతను అనుకరించు పలకను నిర్మించి, మందులను జంతువులకు బదులు ఇట్టి పలకలపై పరీక్షించు దారి తెరచిరి. అట్టి పలకపై ఒక మందు హానికరము కాదని తేలినపుడు, మందు నిజముగ కణములను చేరినదా, లేక రబ్బరు గోడలే దానిని మ్రింగినవా అను ప్రశ్న వేయక తప్పదు.

ఫలించిన ఆశలు

ఈ లోపములను చెప్పుట వ్యాసమును త్రోసిపుచ్చుటకు కాదు. ఈ విద్య తన కాలమున ప్రముఖస్థానము వహించునను వైట్‌సైడ్స్ విశ్వాసము వమ్ము కాలేదు. అయితే విజయము ఇంటింటికి రాకముందు పరిశోధనాలయములకు వచ్చినది. నూనెలో నీటిబిందువులను సమానపరిమాణమున సృష్టించుట సూక్ష్మప్రవాహమునకు సహజమైన నేర్పు. 2011లో ప్రకటింపబడిన ఒక పద్ధతియందు 20 మైక్రోలీటర్ల ద్రవమును సుమారు 20,000 బిందువులుగ విడదీసి, వెదకుచున్న జన్యుభాగము ఎన్ని బిందువులలో నున్నదో లెక్కింతురు. ఒక్కొక్క బిందువు రమారమి ఒక నానోలీటరు. ఇచట ఒక నానోలీటరును పరీక్షించి తక్కినది పారవేయుట లేదు. చేటలోని గింజలన్నిటిని విడివిడిగ చూచుట జరుగుచున్నది. సూక్ష్మతను సరియైన తీరున వాడుట యనిన నిదియే. 2015లో రెండు హార్వర్డ్ బృందములు ఒక్కొక్క జీవకణమును ఒక్కొక్క బిందువులో బంధించి, వేలాది కణములలో ఏయే జన్యువులు పనిచేయుచున్నవో చదువు పద్ధతులను 'సెల్' పత్రికలో ప్రకటించినవి.

వైద్యరంగమున నిలద్రొక్కుకొన్న పరికరములు కూడ ఇదే పాఠము చెప్పుచున్నవి. క్షయవ్యాధి నిర్ధారణకు 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరికరమున రెండు మిల్లీలీటర్ల ద్రవము పోయుదురు. అందలి బాక్టీరియాను జల్లెడ పట్టి ఒకచోట చేర్చి, ఆ పిమ్మటనే సూక్ష్మమైన గదిలో జన్యుపరీక్ష జరుగును. ముందు చేట, తరువాత మెతుకు. రెండు గంటలలోపల ఫలితము వచ్చును. ఐనను దానికి నిలకడగల విద్యుత్తు కావలెను. భారతదేశమున రూపొందిన ట్రూనాట్ పరికరము బ్యాటరీతో నడచును. కఫమునుండి జన్యుపదార్థమును ఒక పెట్టెలో వేరుచేసి, కొన్ని మైక్రోలీటర్లను మాత్రమే పరీక్షాఫలకముపై వేయుదురు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని కూడ ఆమోదించినది. అదే సంవత్సరము ఆంధ్రప్రదేశమున, తెలంగాణమున, ఇతర రాష్ట్రములలోను కోవిడ్ పరీక్షలకును దీనిని వాడిరి.

కోవిడ్ కాలమునందే కాగితపు పట్టీ బలమును, బలహీనతను దేశమంతయు చూచినది. ముక్కునుండి తీసిన ద్రవముతో పావుగంట, అరగంటలో ఫలితమునిచ్చు పట్టీలు విరివిగ వాడబడినవి. కాని లక్షణములున్న వ్యక్తికి పట్టీ 'లేదు' అని చూపినచో, ప్రయోగశాలలో జన్యుపరీక్ష మరల చేయించవలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ఆదేశించినది. పట్టీ 'ఉన్నది' యనిన నమ్మవచ్చును; 'లేదు' అనిన అనుమానింపవలెను. ఈ వివేకము లేక ఎవరైన నిర్భయముగ బంధువుల నడుమ తిరిగినచో నష్టము పట్టీది కాదు, మనుష్యులది.

తరగతి గదిలో

ఈ విషయమును బోధించుటకు హార్వర్డ్ అవసరము లేదు. వడపోత కాగితముపై మైనపు రంగుబలపముతో రెండు ప్రక్కలను త్రిశూలాకారమున ఒక కాలువను గీచి, వేడిపెనముపై కొద్ది సెకనులుంచినచో మైనము కాగితములోనికి ఇంకి గోడలగును. త్రిశూలపు ఒక కొనకు పసుపునీరు, రెండవ కొనకు మందారపూవుల రసము పూసి ఆరబెట్టవలెను. మూడవ కొనను పోలికకొరకు ఊరక విడువవలెను. కాడను సున్నపు తేటలో ముంచినచో ద్రవము తనంత తాను ప్రాకి, పసుపును ఎర్రబరచును, మందారపు రసమును ఆకుపచ్చ చేయును. పారాణి కలిపిన ప్రతి యింటివారికి మొదటి మార్పు తెలిసినదే. సున్నపు తేట కంటబడకుండ ఉపాధ్యాయుడు జాగ్రత్త వహింపవలెను.

ప్రయోగము ఇంతటితో ముగియరాదు. ఆ తేటలో ఒక పాలునకు తొమ్మిది పాళ్ళ నీరు చేర్చి, క్రొత్త కాగితముతో మరల పరీక్షింపవలెను. ఆ నీటిని మరల పదిరెట్లు పలుచన చేయవలెను. ఇట్లు పోగా పోగా ఒక దశలో రంగు మారుట ఆగిపోవును. అపుడు ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నీటిలో సున్నము లేదా? విద్యార్థులు స్వయముగ కలిపినవారు గనుక ఉన్నదని వారికి తెలియును. పరికరము 'లేదు' అని చెప్పుటకును, వస్తువు లేకపోవుటకును గల భేదము అపుడు వారికి జన్మలో మరువకుండ పట్టుబడును.

వైట్‌సైడ్స్ వ్యాసము నేటికిని చదువదగినది. ఒక క్రొత్త విద్య ఏయే దారులు కలిసి పుట్టునో, ప్రయోగశాలలో నెగ్గినది ప్రజల చేతికి వచ్చుట ఎంత కష్టమో దానివలన తెలియును. కాని చదువువారు దాని ప్రక్కన ఒక ప్రశ్నను వ్రాసికొని చదువవలెను. పరీక్షింపబడుచున్నది మెతుకా, రాయియా? ఏ చిప్‌ను గూర్చి, ఏ చుక్కను గూర్చి, ఎవరేమి చెప్పినను ఈ ప్రశ్న వేయ నేర్చిన విద్యార్థి ఆ విద్యను తృణీకరింపడు, దానిచేత మోసపోడు.